పేరు అడిగితే దారి చెప్పేది ఎవరు? డీఎన్ఎస్‌లో నమ్మకం ఎక్కడెక్కడ తెగుతోంది

2020 జూన్ నుంచి 2025 జనవరి దాకా మాస్టర్‌కార్డ్ సంస్థ డొమైన్ రికార్డుల్లో ఒక అక్షరం తప్పిపోయి ఉంది. ఆ సంస్థ నెట్‌వర్క్‌లో ఒక భాగానికి దారి చెప్పే నేమ్ సర్వర్లు ఐదు. ఐదింటి పేర్లూ ‘.నెట్’తో ముగియాలి. ఒకదానికి ఆఖరి ‘టి’ పడిపోయింది. మిగిలిన ‘ఎన్, ఈ’ అనే రెండక్షరాలు ఆఫ్రికాలోని నైజర్ దేశానికి కేటాయించిన డొమైన్. అంటే మాస్టర్‌కార్డ్ చిరునామా కోసం వెళ్లే ప్రశ్నల్లో కొన్ని నైజర్ డొమైన్ కింద ఖాళీగా పడి ఉన్న ఒక పేరు దగ్గరికి పోతున్నాయి. ఒక భద్రతా పరిశోధకుడు దీన్ని గమనించి, వేరేవాళ్ల చేతిలో పడకముందే 300 డాలర్లు కట్టి ఆ పేరు తానే కొన్నాడు. తర్వాత సంస్థ తప్పు దిద్దుకుంది. తమ వ్యవస్థలకు ముప్పేమీ లేదని చెప్పింది.

తప్పు ఎవరైనా చేస్తారు. అది నాలుగున్నరేళ్లు ఎవరి కంటా పడకపోవడమే ఆలోచించాల్సిన సంగతి. ఐదింట్లో నాలుగు సర్వర్లు సరిగ్గా పనిచేస్తున్నాయి కాబట్టి ఐదోది ఎటు చూపిస్తోందో పట్టించుకునే అవసరం ఎవరికీ రాలేదు. డీఎన్ఎస్, అంటే సైట్ పేరు అడిగితే దాని చిరునామా చెప్పే ఏర్పాటు, అంతే. ఒక చోట చెడినా ఇంకో చోట నుంచి పని నడిచిపోయేలా కట్టారు. ఆ గట్టితనమే లోపాలను కప్పిపెడుతుంది కూడా.

అసలు ఇది ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి. మీరు బ్రౌజర్‌లో ఒక సైట్ పేరు కొట్టగానే మీ ఫోను ముందుగా రిజాల్వర్ అనే సర్వర్‌ని అడుగుతుంది. మామూలుగా అది మీ ఇంటర్నెట్ కంపెనీది, లేకపోతే గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ లాంటివాళ్లది. దానికి జవాబు తెలియకపోతే ఈ వ్యవస్థలో అన్నిటికంటే పైన ఉండే రూట్ సర్వర్ దగ్గరికి వెళ్తుంది. రూట్ సర్వర్ ‘ఆ పేరు నాకు తెలియదు, .కామ్ సంగతి చూసేవాళ్లు వీళ్లు’ అంటుంది. .కామ్ సర్వర్ ‘ఆ డొమైన్‌కు నేమ్ సర్వర్లు ఇవి’ అంటుంది. ఆ నేమ్ సర్వర్ చివరికి ఐపీ అడ్రస్, అంటే ఆ సైట్ ఉన్న కంప్యూటర్ నంబరు, ఇస్తుంది. రిజాల్వర్ ఆ జవాబును మీకు ఇచ్చి, తన దగ్గర కూడా కొంతసేపు దాచుకుంటుంది. ఈ దాచుకున్న నిల్వనే కాష్ అంటారు. అదే రిజాల్వర్‌ని మీ పక్కింటివాళ్లు అదే పేరు అడిగితే మళ్లీ అంత దూరం తిరగక్కర్లేదు.

ఈ ఏర్పాటు 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించింది. అంతకుముందు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. దాన్ని కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేత్తో దిద్ది అందరికీ పంచేవారు. పేర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి పనికిరాలేదు. కొత్త పద్ధతిలో భారం పంచుకునే సంగతి బాగా ఆలోచించారు. జవాబు చెప్పేవాడు అబద్ధం చెబితే ఏమిటన్నది అప్పటి ప్రశ్న కాదు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, సైన్యం. చాలామందికి ఒకరినొకరు తెలుసు.

మొదట వచ్చిన జవాబే నిజం

రిజాల్వర్ ప్రశ్న పంపేటప్పుడు దానికో నంబర్ వేస్తుంది. 0 నుంచి 65,535 దాకా ఏదైనా కావచ్చు. తిరిగొచ్చే జవాబులో అదే నంబర్ ఉంటే ‘ఇది నేను అడిగినదానికే’ అనుకుని తీసుకుంటుంది. జవాబు ఎవరు పంపారో గట్టిగా తేల్చుకునే మార్గం ఆ పాత పద్ధతిలో లేదు. అసలు సర్వర్ జవాబు దారిలో ఉండగా దొంగ ఒకడు సరైన నంబర్‌తో తప్పుడు జవాబు ముందుగా చేర్చగలిగితే, రిజాల్వర్ దాన్నే తీసుకుంటుంది. వెనక వచ్చిన అసలు జవాబును పారేస్తుంది. తప్పుడు చిరునామా కాష్‌లో కూర్చుంటుంది. ఆ రిజాల్వర్‌ని వాడే వేలమందికి, గడువు తీరేదాకా, అదే చిరునామా వెళ్తుంది. దీన్నే కాష్ పాయిజనింగ్ అంటారు.

కాష్‌లో లేనిపోనివి దూర్చడం కొత్త ఆలోచనేమీ కాదు. 1997 జులైలో యూజీన్ కష్‌పురెఫ్ అనే అమెరికన్, డొమైన్ పేర్ల రిజిస్ట్రేషన్ చూసే ఇంటర్‌నిక్ సైట్‌కు వెళ్లేవాళ్లను తన సొంత సైట్‌కు మళ్లించాడు. పేర్ల మీద ఒకే సంస్థ పెత్తనానికి నిరసన అన్నాడు. ఆ తర్వాత అలాంటి సులువైన దారులు కొన్ని మూసేశారు. నంబర్ ఊహించే దారి మిగిలింది గానీ దానికో అడ్డు ఉందని అందరూ ధీమాగా ఉన్నారు. 65,536 నంబర్లలో సరైనది క్షణంలో ఊహించాలి. తప్పితే అసలు జవాబు కాష్‌లో చేరుతుంది. మళ్లీ ప్రయత్నించాలంటే దాని గడువు తీరాలి, అది ఒక రోజు కూడా కావచ్చు.

2008లో డాన్ కమిన్‌స్కీ అనే భద్రతా పరిశోధకుడు ఆ ధీమాను పోగొట్టాడు. అతని కిటుకు వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఒక బ్యాంకు డొమైన్ మీద దాడి చేయాలంటే ఆ డొమైన్ పేరు అడగనక్కర్లేదు. దాని కింద లేని పేర్లు అడగాలి. ముందు 1 తగిలించి, తర్వాత 2, తర్వాత 3. అవేవీ కాష్‌లో ఉండవు కాబట్టి ప్రతిసారీ రిజాల్వర్ కొత్తగా బయటికి వెళ్లి అడగాల్సిందే. అంటే గడువు కోసం ఎదురుచూడకుండా సెకనుకు ఎన్నిసార్లయినా పందెం వేయొచ్చు. దొంగ పంపే జవాబులో ‘ఆ పేరు సంగతి నాకు తెలియదు, ఈ డొమైన్ మొత్తానికి నేమ్ సర్వర్ ఇదిగో’ అని తన సర్వర్ చిరునామా పెడతాడు. అదే డొమైన్‌కు సంబంధించిన సమాచారం కాబట్టి రిజాల్వర్ కాదనదు. ఒక్క పందెం గెలిస్తే మొత్తం డొమైన్ చేతికొస్తుంది. ఇది సెకన్లలో అయ్యే పని అని తేలింది.

ఆ తర్వాత జరిగినది కంప్యూటర్ భద్రత చరిత్రలో అరుదైన సంగతి. 2008 మార్చి 31న వాషింగ్టన్ రాష్ట్రంలోని మైక్రోసాఫ్ట్ ఆవరణలో కొద్దిమంది నిపుణులు గుట్టుగా కలిశారు. ఒకరికొకరు పోటీ అయిన కంపెనీల వాళ్లు కూడా అందులో ఉన్నారు. అందరూ ఒకే రోజు, జులై 8న, సవరణలు విడుదల చేశారు. ఆ సవరణ వల్ల ప్రశ్న ప్రతిసారీ ఒక యాదృచ్ఛికమైన పోర్ట్ (కంప్యూటర్‌లో సందేశాలు వచ్చిపోయే, నంబర్ వేసిన ద్వారం) నుంచి బయల్దేరుతుంది. దొంగ ఇప్పుడు నంబర్‌తో పాటు పోర్ట్ కూడా ఊహించాలి. 65 వేల చిల్లర ఉన్న అవకాశాలు వందల కోట్లకు చేరాయి. ఇందులో తెలివి ఏమిటంటే, సవరణను విప్పి చూసినా అసలు లోపం ఏమిటో తెలియదు. నెల రోజులు ఊహాగానాలు చేయవద్దని కమిన్‌స్కీ కోరాడు. రెండు వారాలు తిరక్కుండానే గుట్టు బయటపడింది. డేనియల్ బెర్న్‌స్టీన్ అనే గణిత శాస్త్రవేత్త ఈ పోర్ట్ మార్చే పద్ధతిని తన సాఫ్ట్‌వేర్‌లో అప్పటికే ఏళ్ల తరబడి వాడుతున్నాడు. మిగతావాళ్లు వినిపించుకోలేదు, అంతే.

అదీ శాశ్వతం కాలేదు. కొన్ని ఆఫీసుల ఫైర్‌వాల్స్ పోర్టులను మళ్లీ వరసలో పెట్టేసి సవరణ ఫలితాన్ని మాయం చేశాయి. 2020లో కాలిఫోర్నియా, చైనా యూనివర్సిటీల పరిశోధకులు ఇంకో దారి చూపించారు. ‘ఈ పోర్ట్ మూసి ఉంది’ లాంటి సందేశాలను సర్వర్లు సెకనుకు ఇన్నే పంపాలని ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి ఎంత ఖర్చయిందో బయటి నుంచి కనిపెడితే ఏ పోర్ట్ తెరిచి ఉందో తెలిసిపోతుంది. పోర్ట్ తెలిశాక మిగిలేది పాత నంబరే. వందల కోట్ల అవకాశాలు మళ్లీ రెండు చిన్న లెక్కలుగా విడిపోయాయి.

సంతకం ఉన్నా

ఊహించడం కష్టం చేయడం కంటే, జవాబు మీద చెరపలేని సంతకం పెట్టడం మేలు కదా. డీఎన్ఎస్‌సెక్ చేసేది అదే. డొమైన్ యజమాని తన రికార్డుల మీద డిజిటల్ సంతకం పెడతాడు. ఆ సంతకం అసలుదని పైన ఉన్న .కామ్ చెబుతుంది, .కామ్ సంతకం అసలుదని రూట్ చెబుతుంది. రూట్ మీద సంతకాలు 2010 జులై 15న మొదలయ్యాయి. ఆ సంతకాలకు ఆధారమైన రహస్య సంకేతాన్ని, అంటే రూట్ తాళంచెవిని, వాడే కార్యక్రమం ఏడాదికి నాలుగుసార్లు అమెరికాలోని రెండు భద్రమైన కేంద్రాల్లో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన సాక్షుల మధ్య, ప్రత్యక్ష ప్రసారంలో జరుగుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒకసారి లోపలి సేఫ్ తెరుచుకోక, తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించి డ్రిల్ చేయించాల్సి వచ్చింది. ప్రపంచ ఇంటర్నెట్‌కు మూలమైన తాళంచెవి లోపల, మనుషులు బయట!

ఇంత మంచి మందు ఉన్నా వాడేవాళ్లు తక్కువ. .కామ్ కింద ఉన్న పేర్లలో సంతకం ఉన్నవి చిన్న భాగమే. పెద్దపెద్ద సాంకేతిక కంపెనీలు కూడా తమ ముఖ్యమైన పేర్లకు ఏళ్ల తరబడి దీని జోలికి పోలేదు. కారణం బద్ధకం ఒక్కటే కాదు. డీఎన్ఎస్‌లో మామూలు తప్పు చేస్తే ఎంతో కొంత పని నడుస్తుంది. డీఎన్ఎస్‌సెక్‌లో తప్పు చేస్తే సంతకాలు సరిచూసే రిజాల్వర్లన్నిటికీ సైట్ కనబడకుండా పోతుంది. 2021 సెప్టెంబర్ 30న ఆఫీసు సందేశాల సర్వీసు నడిపే స్లాక్ సంస్థకు ఇదే జరిగింది. సంతకాలు పెట్టబోయి, వెనక్కి తీసుకునే తొందరలో తప్పు చేశారు. కాష్‌లలో మిగిలిన పాత రికార్డు గడువు 24 గంటలు కావడంతో కొంతమంది వాడకందార్లకు ఆ రోజంతా సర్వీసు అందలేదు. 2024 జనవరిలో రష్యా దేశపు డొమైన్ మొత్తం కొన్ని గంటలు తడబడటానికి కారణమూ డీఎన్ఎస్‌సెక్ సమస్యే.

పైగా రక్షణ కోసం పెట్టినదే దాడికి దారి కావచ్చు. ఒక జవాబుకు చాలా తాళంచెవులు, చాలా సంతకాలు ఉంటే రిజాల్వర్ అన్నిటినీ ఒకదానితో ఒకటి సరిచూడాలని ప్రమాణాల్లో ఉంది. జర్మనీలోని అథీన్ పరిశోధన కేంద్రం వాళ్లు దీన్ని పట్టుకుని, ఒకే ఒక్క ప్యాకెట్‌తో కొన్ని రిజాల్వర్లను గంటల తరబడి లెక్కల్లో ముంచేయవచ్చని 2024 ఫిబ్రవరిలో చూపించారు. ఒక రకం సాఫ్ట్‌వేర్ 16 గంటల దాకా ఇరుక్కుపోయింది. కీట్రాప్ అని పేరు పెట్టిన ఈ లోపం ప్రమాణాల్లో రెండు దశాబ్దాలకు పైగా అలాగే ఉంది.

రికార్డులో పేరు మారిపోతే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తెలివైన దాడులు. కానీ నా లెక్కలో డీఎన్ఎస్‌కు అసలు ముప్పు వీటిలో లేదు. డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ దగ్గర ఉన్న ఖాతా, దాని పాస్‌వర్డ్, ఆ ఖాతాకు కట్టిన ఈమెయిల్, ఆ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫోనెత్తే ఉద్యోగి: ముప్పు అక్కడుంది. భూమి తగాదాలు చూసిన వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గట్టు మీద మీరే ఉంటారు, పంటా మీదే. మండలాఫీసు రికార్డులో పట్టాదారు పేరు మారిందంటే మాత్రం మీరు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. మీ సర్వర్ ఎంత గట్టిదైనా, రిజిస్ట్రార్ దగ్గర నేమ్ సర్వర్ల పేర్లు మారిపోతే సర్వర్ దాకా ఎవరూ రారు.

2013 ఆగస్టులో సిరియన్ ఎలక్ట్రానిక్ ఆర్మీ అనే ముఠా న్యూయార్క్ టైమ్స్ సైట్‌ను ఇలాగే మళ్లించింది. పత్రిక కంప్యూటర్ల జోలికే పోలేదు. ఆ డొమైన్ చూసే ఆస్ట్రేలియా రిజిస్ట్రార్ మెల్‌బోర్న్ ఐటీకి ఒక రీసెల్లర్ ఉన్నాడు, అతని పాస్‌వర్డ్‌ను దొంగ మెయిల్‌తో కొట్టేసింది. అదే ఖాతాలో ఉన్న కొన్ని పేర్లకు రిజిస్ట్రీ లాక్ పెట్టి ఉంది. వాటిని ముఠా కదపలేకపోయింది. ఆ లాక్ ఉంటే, ఖాతాలోకి దూరినా సరే, మనుషుల స్థాయిలో వేరుగా ధ్రువీకరణ జరిగితే తప్ప మార్పు కాదు.

సిస్కో సంస్థ తాలోస్ విభాగం 2019 ఏప్రిల్‌లో ‘సీ టర్టిల్’ పేరుతో బయటపెట్టిన వ్యవహారం ఇంకా పెద్దది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో 13 దేశాలకు చెందిన కనీసం 40 సంస్థలు దెబ్బతిన్నాయి. విదేశాంగ శాఖలు, గూఢచార సంస్థలు, ఇంధన కంపెనీలు అందులో ఉన్నాయి. వెనక ఒక ప్రభుత్వం ఉందని తాలోస్ అంచనా. దాడి చేసినవాళ్లు కాసేపు మాత్రమే నేమ్ సర్వర్లను మార్చి, మెయిల్‌కు లాగిన్ అయ్యేవాళ్ల పాస్‌వర్డ్‌లు పట్టుకుని, మళ్లీ ఎప్పటిలా పెట్టేసేవారు. రూట్ సర్వర్లలో ఒకదాన్ని నడిపే స్వీడన్ సంస్థ నెట్‌నాడ్ కూడా బాధితుల్లో ఉంది. అంతకు మూడు నెలల ముందే, 2019 జనవరి 22న, ఇలాంటి దాడులు చూసి అమెరికా సైబర్ భద్రతా సంస్థ ప్రభుత్వ శాఖలన్నిటికీ అత్యవసర ఆదేశం ఇచ్చింది: పది పనిదినాల్లో డీఎన్ఎస్ రికార్డులు తనిఖీ చేయాలి, పాస్‌వర్డ్‌లు మార్చాలి, రెండో అంచె ధ్రువీకరణ పెట్టాలి. అప్పుడు అక్కడ నిధులు ఆగి ప్రభుత్వ షట్‌డౌన్ నడుస్తోంది, సిబ్బందిలో చాలామంది ఇళ్లలో ఉన్నారు.

డీఎన్ఎస్‌సెక్ ఇక్కడ ఎందుకు సరిపోదంటే, ఖాతా చేతికొచ్చినవాడు సంతకాల ఏర్పాటునే తీసేయగలడు, లేదా తన తాళంచెవి పెట్టుకోగలడు. సంతకం చేసినవాడే రాశాడని వ్యవస్థ చెబుతుంది. చేసినవాడు అసలు యజమానేనా అని అడగదు.

బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తు కాపాడుతుంది కదా అంటారు. కొంతవరకే. 2018 ఏప్రిల్ 24న ఏ చిరునామాకు ఏ దారిన వెళ్లాలో నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే సమాచారాన్ని తారుమారు చేసి, అమెజాన్ డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లే ప్రశ్నలను దొంగలు పక్కదారి పట్టించారు. మైఈథర్‌వాలెట్ అనే క్రిప్టో సైట్‌కు వెళ్లినవాళ్లు నకిలీ సైట్‌లో దిగారు. బ్రౌజర్ హెచ్చరించింది, సైట్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ సరైనది కాదని. కొందరు హెచ్చరికను దాటుకుని ముందుకెళ్లారు. పోయింది సుమారు లక్షన్నర డాలర్ల విలువైన ఈథర్. ఆ దొంగలు సర్టిఫికెట్ తెచ్చుకోలేదు కాబట్టి హెచ్చరికైనా వచ్చింది. సీ టర్టిల్ వాళ్లు తెచ్చుకున్నారు. మామూలు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ‘ఈ డొమైన్ నీదేనా’ అని సరిచూసేది డీఎన్ఎస్ ద్వారానే. డొమైన్‌ను పది నిమిషాలు చేతిలో పెట్టుకున్నవాడికి తాళం గుర్తు కూడా దొరుకుతుంది.

2024లో దీనికి ఇంకో రుజువు దొరికింది. .మోబి డొమైన్ల సమాచారం ఇచ్చే సర్వర్ పేరు మార్చేసి, పాత పేరును రెన్యువల్ చేయకుండా వదిలేశారు. వాచ్‌టవర్ అనే సంస్థ పరిశోధకులు 20 డాలర్లకు దాన్ని కొని అక్కడ ఒక సర్వర్ పెట్టారు. కొద్ది రోజుల్లోనే 1,35,000కు పైగా వ్యవస్థలు వచ్చి ఆ పాత పేరునే అడిగాయి. వాటిలో సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. డొమైన్ యజమాని ఈమెయిల్‌ను ఆ సమాచారం నుంచి తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతికి ఆ దెబ్బతోనే కాలం చెల్లింది.

ముంచేసే దాడులు

వీటి గురించి వార్తల్లో ఎక్కువ వస్తుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2016 అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్, స్పాటిఫై ఒకేసారి తడబడ్డాయి. వాటి సర్వర్లు బాగానే ఉన్నాయి. వాటికి డీఎన్ఎస్ సేవ ఇచ్చే డైన్ అనే కంపెనీని మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగలు వశం చేసుకున్న పరికరాల గుంపు) ముంచేసింది. తయారీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సీసీ కెమెరాలు, రూటర్లే ఆ బాట్‌నెట్ సైన్యం. ఇంకో రకంలో డీఎన్ఎస్ సర్వర్లే ఆయుధం అవుతాయి. బాధితుడి చిరునామాతో చిన్న ప్రశ్న పంపితే, దానికి ఎన్నో రెట్లు పెద్ద జవాబు వెళ్లి బాధితుడి మీద పడుతుంది. 2013 మార్చిలో చెత్త మెయిళ్లను అడ్డుకునే స్పామ్‌హాస్ సంస్థ మీద ఇలాంటి దాడి సెకనుకు 300 గిగాబిట్ల దాకా వెళ్లింది. ఇలాంటివి పెద్ద చప్పుడు చేస్తాయి, కొన్ని గంటల్లో తగ్గుతాయి. రూట్ సర్వర్లు పేరుకు 13 అయినా ఒక్కోదానికి ప్రపంచమంతా నకళ్లు ఉండటంతో వాటిని ఒక్క దెబ్బకు పడగొట్టడం ఇప్పుడు తేలిక కాదు.

మన లిపి, మన బ్యాంకులు

డొమైన్‌ను దొంగిలించక్కర్లేకుండా దాని పోలిక ఉన్న పేరు కొనుక్కోవడం అన్నిటికంటే చవక. 2017లో ఒక పరిశోధకుడు యాపిల్ సైట్ పేరును సిరిలిక్ అక్షరాలతో రాసి రిజిస్టర్ చేశాడు. కొన్ని బ్రౌజర్లలో అసలుకూ దానికీ తేడా కనిపించలేదు. తెలుగువాళ్లకు ఈ సంగతి దగ్గరిది. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైన్ ఉంది. మన గ, జ, ర, ల, సున్నా లాంటి అక్షరాలకూ కన్నడ అక్షరాలకూ కంటికి తేడా అంతంతమాత్రం, కంప్యూటర్‌కు మాత్రం అవి పూర్తిగా వేర్వేరు. అందుకే డొమైన్ల కోసం లిపి నియమాలు రాసిన నిపుణులు ఇలాంటి తెలుగు, కన్నడ జంటలను ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలుగా లెక్కగట్టారు. ఒక లిపిలో పేరు ఇచ్చాక రెండో లిపిలో అదే పోలిక ఉన్నది వేరేవాళ్లకు పోకూడదని.

బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ ఇంకో దారి పట్టింది. ‘.బ్యాంక్.ఇన్’ అనే పేరు కింద బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ చోటు లేకుండా చేసి, 2025 అక్టోబర్ 31లోగా అన్ని బ్యాంకులూ అందులోకి మారాలంది. ఆ పేర్లకు ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ. ఇది మంచి నిర్ణయమే అనుకుంటాను, అందరూ చెప్పే కారణంతో కాదు. దొంగ లింకుల మీద దీని ప్రభావం పరిమితం. అడ్రస్‌ను కుడివైపు నుంచి చదవాలని, ‘బ్యాంక్.ఇన్’ తర్వాత చుక్క పెట్టి ఇంకేదో పేరు ఉంటే అది నకిలీ అని ఎంతమందికి తెలుసు? వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కేవాళ్లు అడ్రస్ బార్ దాకా రారు. అసలు లాభం వేరు. ఇన్నాళ్లూ ఒక్కో బ్యాంకు డొమైన్ ఒక్కో రిజిస్ట్రార్ దగ్గర, ఒక్కో రకం కట్టుబాట్లతో ఉండేది. ఇప్పుడు పేరు మార్చాలంటే వెళ్లాల్సిన కౌంటర్ ఒకటే. ఆ కౌంటర్ దగ్గర మార్పును ఎవరు అడిగారో గట్టిగా సరిచూస్తే సీ టర్టిల్ తరహా దాడికి దారి చాలావరకు మూసుకుంటుంది. సరిచూడకపోతే దెబ్బ కూడా ఒకేచోట పడుతుంది.

బ్యాంకు కాని వాళ్లు, అంటే ఒక కాలేజీకో పత్రికకో చిన్న వ్యాపారానికో సైట్ నడిపేవాళ్లు చేయగలిగినవి ఖరీదైనవి కావు. డొమైన్ ఎవరి ఈమెయిల్ మీద ఉందో చూడండి. చాలాచోట్ల అది ఎప్పుడో సైట్ కట్టి వెళ్లిపోయిన కుర్రాడి సొంత మెయిల్ అయి ఉంటుంది. దాన్ని మార్చి, రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి, ఆటో రెన్యువల్ కట్టిన కార్డు ఇంకా పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత డీఎన్ఎస్ రికార్డులు ఒక్కొక్కటీ చదవండి. ఎప్పుడో ఆపేసిన క్లౌడ్ సర్వీసు వైపు చూపే సబ్‌డొమైన్ (మీ డొమైన్ ముందు తగిలించిన పేరు) ఏదైనా కనిపిస్తే ముందు దాన్ని తీసేయండి. ఆ సర్వీసులో ఖాళీ అయిన పేరును ఇంకొకడు తీసుకుంటే, మీ డొమైన్ పేరుతో వాడి పేజీ తెరుచుకుంటుంది.